అపెండిక్స్ అని చెప్పిన అబద్ధం: పిత్తనాళం తిత్తి ఆపరేషన్ చరిత్ర

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి. ఎప్పుడూ రాసే రైలు మార్గాల చరిత్ర, తాలూకాల చరిత్ర కాదు ఈసారి. ఒక ఆపరేషన్ చరిత్ర రాస్తున్నాను. ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాను.

మన సభ్యుడొకరి మనవరాలికి నాలుగేళ్లు. ఆర్నెల్లుగా కడుపునొప్పి అంటోంది. రెండుసార్లు కళ్లు పచ్చబడి మళ్లీ వాటంతటవే తగ్గాయి. పోయిన నెల స్కానింగ్ తీస్తే కోలెడోకల్ సిస్ట్ అని రాశారు. అంటే పిత్తనాళం ఉబ్బి తిత్తిలా తయారైంది. ఆ తిత్తిని, దానితోపాటు పిత్తాశయాన్ని పూర్తిగా తీసేసి, చిన్నపేగును పైకి తెచ్చి కాలేయం నుంచి వచ్చే నాళానికి కలపాలని డాక్టర్లు చెప్పారు. ఆయన నాకు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, నీటి గడ్డే కదా. సూదితో నీళ్లు లాగేస్తే చాలదా? కాకపోతే దానికి పేగులోకి ఒక దారి పెట్టి వదిలేస్తే చాలదా? అంత చిన్న పిల్లకు అంత పెద్ద ఆపరేషన్ ఎందుకు?"

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్జన్లు కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నారు. అలా అనుకున్న రోజుల్లో ఆపరేషన్ జరిగిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా చెల్లెలు. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. బుకింగ్ ఆఫీసులోనూ గూడ్స్ షెడ్డులోనూ లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఇంట్లో అమ్మ నేర్పింది. భాషలో తప్పులుంటే మన్నించండి. వైద్యం సంగతి మాత్రం చెల్లెలి జబ్బు పుణ్యమా అని పాతికేళ్లుగా చదువుతూ, కనబడిన డాక్టర్లందరినీ అడుగుతూ తెలుసుకున్నాను.

జబ్బు ఏమిటి?

మన కాలేయం రోజుకు అర లీటరు పైనే పిత్తరసం తయారు చేస్తుంది. పైత్యం అని మనం అనేది అదే. అది పిత్తనాళం గుండా కిందికి దిగి చిన్నపేగులో పడుతుంది. కొవ్వు అరగడానికి అది కావాలి. పెద్దవాళ్లలో కూడా ఆ నాళం వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లే. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఆ నాళం ఉబ్బుతుంది. నిమ్మకాయంత, బత్తాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దదిగా తిత్తి అవుతుంది. అందులో పిత్తం నిలవ ఉండి మురుగుతుంది. నొప్పి, కామెర్లు, కుడి డొక్క కింద గడ్డ, ఈ మూడూ దీని గుర్తులు. మూడూ కలిసి కనిపించేది మాత్రం కొద్దిమందిలోనే. ఎక్కువమందికి చిన్నతనంలోనే బయటపడుతుంది. కొందరికి పెళ్లయి పిల్లలు పుట్టాక, గాల్ బ్లాడర్ రాళ్ల కోసం స్కానింగ్ తీసినప్పుడు తెలుస్తుంది. మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. తెల్లవాళ్ల దేశాల కన్నా మన ఆసియాలో ఎక్కువ. జపాన్‌లో మరీ ఎక్కువ.

ఎందుకు ఉబ్బుతుందో నాకు అర్థమైనట్టు రైల్వే భాషలో చెబుతాను. పిత్తనాళం ఒక లైను. క్లోమం, అంటే పాంక్రియాస్ నుంచి అరుగుదల రసం తెచ్చే నాళం ఇంకో లైను. రెండూ పేగు గోడలో కలిసి ఒకే ద్వారం గుండా లోపలికి పోతాయి. ఆ ద్వారం దగ్గర ఒక కండరం బిగుసుకుంటూ వదులవుతూ కాపలా కాస్తుంది. అది మన సిగ్నల్ అనుకోండి. మామూలుగా జంక్షన్ సిగ్నల్ అదుపులోనే ఉంటుంది. ఈ జబ్బున్న చాలామంది పిల్లల్లో రెండు లైన్లు చాలా ముందే, సిగ్నల్ అదుపుకు బయటే కలిసిపోతాయి. దాంతో క్లోమ రసం ఎదురు దారిలో పిత్తనాళంలోకి ఎక్కుతుంది. మాంసాన్నే అరిగించే రసం అది. నాళం లోపలి పొరను ఏళ్ల తరబడి కొరుకుతుంది. గోడ మెత్తబడి ఉబ్బుతుంది. ఈ సంగతిని 1969లో బాబిట్ అనే అమెరికన్ ఎక్స్‌రే డాక్టరు వివరించాడు. అన్ని కేసులకూ ఇదే కారణం కాకపోవచ్చు గాని, ఎక్కువ కేసులకు ఇది సరిపోతుంది. ఆ లోపలి పొర మాట గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దాని చుట్టే.

1971, అరక్కోణం

మా నాయన అరక్కోణంలో పాయింట్స్‌మన్. రైల్వే కాలనీలో మా ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో, బడిలో తమిళం. చెల్లెలికి అప్పుడు ఆరేళ్లు. రెండేళ్లుగా కామెర్లు వచ్చిపోతుండేవి. కామెర్లను తమిళంలో కామాలై అంటారు, ఇక్కడ కన్నడంలో కామాలె అంటారు. మూడు భాషల్లో పేరు ఎలా దగ్గరో, ముందు చేసే వైద్యం కూడా అంతే దగ్గర. పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం. మా అమ్మ రెండూ చేయించింది. పసరు తాగిన పది రోజులకు పచ్చదనం తగ్గేది. పసరు గొప్పదనమే అనుకున్నాం. నిజానికి ఈ జబ్బులో కామెర్లు వాటంతటవే వచ్చిపోతుంటాయి. తిత్తిలో అడ్డం పడింది కాస్త జరిగితే పిత్తం కదులుతుంది, కళ్లు తెల్లబడతాయి. పసరుకు పేరొస్తుంది. లోపల తిత్తి పెరుగుతూనే ఉంటుంది. ఒకరోజు నీళ్లు పోస్తున్నప్పుడు అమ్మ చేతికి గడ్డ తగిలింది.

అప్పుడు మద్రాసు తీసుకెళ్లారు. అరక్కోణం నుంచి అది దగ్గర. ఇక్కడి బళ్లారి వాళ్లకు కూడా ఆ రోజుల్లో పెద్ద జబ్బంటే మద్రాసే. 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కదా. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా ఏడు తాలూకాలు మైసూరుకు పోయాయి. గీత మారింది గాని రైలు దారి మారలేదు. గుంతకల్లు మీదుగా మద్రాసు బండి ఎక్కితే సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే జనరల్ ఆసుపత్రి. ఎగ్మోరులో పిల్లల ఆసుపత్రి. కాట్పాడిలో దిగితే వేలూరు సీఎంసీ, 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టినది. కర్నూలులో మెడికల్ కాలేజీ 1957లో వచ్చింది. మన బళ్లారిలో 1961లో వచ్చింది, తర్వాత విమ్స్ అన్న పేరుతో మనకు తెలిసినది అదే. కొత్త కాలేజీలు నిలదొక్కుకునేదాకా జనం దక్షిణానికే పోయేవాళ్లు.

మద్రాసులో చెల్లెలికి ఆపరేషన్ చేశారు. తిత్తిని తీయలేదు. తిత్తికి, పేగుకు మధ్య ఒక కిటికీ లాంటి దారి కుట్టారు. నిలవ ఉన్న పిత్తం పేగులోకి దిగిపోయింది. వారానికి కళ్లు తెల్లబడ్డాయి. గడ్డ కరిగింది. చెల్లెలు లేచి తిరిగింది. సర్జన్ మా నాయన భుజం తట్టి ఇక భయం లేదన్నారు. నాయన కాలనీ అంతా మైసూరు పాక్ పంచాడు. ఆ సర్జన్ చేసింది ఆ రోజుల్లో ప్రపంచమంతా చేస్తున్నదే. ఆయన తప్పేమీ లేదు. మా చెల్లెలు ఈ రోజు ఉందంటే మొదటి పుణ్యం ఆయనదే.

దారి పెట్టడమా, తీసేయడమా

ఇప్పుడు అసలు చరిత్రకు వస్తాను. ఈ తిత్తి గురించి 1723లోనే జర్మనీలో వాటర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు రాశాడు. 1852లో ఎడిన్‌బరోలో డగ్లస్ అనే డాక్టరు 17 ఏళ్ల అమ్మాయి జబ్బును వర్ణించాడు. నొప్పి, జ్వరం, కామెర్లు, కడుపులో గడ్డ, అన్నీ ఉన్నాయి. పేరు పెట్టగలిగారు గాని చేయగలిగింది తక్కువ. మత్తు మందు, క్రిమి లేని శస్త్రచికిత్స రెండూ నిలబడ్డాకే కడుపు కోయడం సాధ్యమైంది.

మొదట చేసింది మన సభ్యుడు అడిగినట్టే: నీళ్లు లాగడం, లేదా గొట్టం పెట్టి బయటికి వదలడం. పిత్తం రోజూ తయారవుతూనే ఉంటుంది కాబట్టి తిత్తి మళ్లీ నిండేది. లేదా పిత్తమంతా బయటికి పోయి రోగి ఎండిపోయేవాడు, చీము పట్టేది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత వచ్చింది తిత్తిని పేగుకు కలపడం. పని సులువు. రక్తం పెద్దగా పోదు. పిల్లలు బల్ల మీద చనిపోవడం తగ్గింది. తీసేయడం ఎవరికీ తట్టలేదని కాదు. 1924లోనే అమెరికాలో మెక్‌వర్టర్ అనే సర్జన్ తిత్తిని తీసేసి, పైనున్న నాళాన్ని పేగుకు కలిపాడు. కాని తిత్తి వెనకే కాలేయానికి రక్తం తీసుకుపోయే పెద్ద సిర ఉంటుంది. పక్కనే ధమని. ఆనాటి రక్తమార్పిడి, మత్తు, యాంటీబయాటిక్ సౌకర్యాలతో చిన్న పిల్లల మీద ఆ సాహసం చేయడానికి చాలామంది భయపడ్డారు. 1933లో బోస్టన్ పిల్లల సర్జన్ రాబర్ట్ గ్రాస్ అప్పటిదాకా వచ్చిన కేసులను సమీక్షించాడు. 1959లో అలోన్సో-లెజ్, ఆయన సహచరులు 94 మంది వివరాలు పరిశీలించి జబ్బును మూడు రకాలుగా విడదీశారు. అప్పటికి కూడా ఎక్కువమంది సర్జన్ల మాట ఒకటే: దారి పెట్టండి, తీయకండి. ఆ రోజు లెక్క ప్రకారం అది సరైనదే. రోగి బతికి ఇంటికి వెళ్లేవాడు కాబట్టి.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ లెక్క డిశ్చార్జి రోజుతో ముగిసిపోయింది. ఇంటికి పోయిన పిల్లలు పదేళ్లకు, ఇరవై ఏళ్లకు తిరిగి రావడం మొదలుపెట్టారు. చలిజ్వరాలు, తిత్తిలో రాళ్లు, కుట్టిన దారి ముడుచుకుపోవడం. పిత్తం కిందికి దిగడానికి పెట్టిన కిటికీ గుండా పేగులోని క్రిములు పైకెక్కేవి. అంతకన్నా పెద్ద సంగతి, క్లోమ రసం కొరికిన ఆ లోపలి పొర అలాగే ఉండిపోయింది. ఏళ్లు గడిచాక అందులో కేన్సర్ పుట్టడం కనబడింది. తిత్తిలో కేన్సర్ గురించి 1944లోనే ఇర్విన్, మారిసన్ అనే ఇద్దరు రాశారు. కాని ఒకటి రెండు కేసులను ఎవరూ పట్టించుకోరు. కేసులు కూడాక గాని లెక్క తేలలేదు. వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుందని, పదేళ్లలోపు పిల్లల్లో చాలా అరుదని, పెద్దవాళ్లలో ఎక్కువని తేలింది.

జపాన్‌లో కేసులు ఎక్కువ కాబట్టి అక్కడి సర్జన్లకే ముందు అనుభవం వచ్చింది. 1970లో సెండాయ్ నగరానికి చెందిన మొరియో కసాయ్ బృందం, అదే ఏడాది ఇషిదా బృందం, తిత్తిని మొదట్లోనే పూర్తిగా తీసేయాలని తమ అనుభవంతో రాశారు. కసాయ్ అంటే నాళాలు మూసుకుపోయి పుట్టిన పసిపిల్లలకు చేసే కసాయ్ ఆపరేషన్‌తో పేరొచ్చిన ఆయనే. 1977లో తొదానీ అనే జపాన్ సర్జన్ తన 37 మంది రోగుల అనుభవంతో పాత మూడు రకాలను ఐదు రకాలుగా విస్తరించాడు. ఈ రోజు స్కానింగ్ రిపోర్టులో టైప్ 1, టైప్ 4 అని రాసేది ఆయన పెట్టిన అంకెలే. టైప్ 1 అంటే బయటి నాళం మొత్తం ఉబ్బడం, అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది. టైప్ 2 పక్కకు పుట్టిన సంచి. టైప్ 3 పేగు ద్వారం దగ్గరి చిన్న ఉబ్బు. టైప్ 4లో ఒకటికి మించి తిత్తులు, చాలాసార్లు కాలేయం లోపల కూడా ఉంటాయి. టైప్ 5 కాలేయం లోపల మాత్రమే. 1958లో ఫ్రెంచి డాక్టరు కరోలి వర్ణించాడు కాబట్టి కరోలి జబ్బు అంటారు. టైప్‌ను బట్టి వైద్యం మారుతుంది. టైప్ 3కి చాలాసార్లు ఎండోస్కోపీ చాలు. టైప్ 5లో కాలేయంలో కొంత భాగం తీయాల్సి రావచ్చు, కొందరికి కాలేయ మార్పిడి కూడా.

ఇక్కడ ఏళ్లు గమనించండి. కసాయ్, ఇషిదా రాసింది 1970. మా చెల్లెలి ఆపరేషన్ 1971. ఇంటర్నెట్ లేని రోజులు. ఒక దేశంలో తేలిన సంగతి పత్రికల్లో అచ్చయి, ఓడలో వచ్చి, లైబ్రరీలో చేరి, ఒకరు చదివి, ఒకరు నేర్చుకుని, ఆపరేషన్ బల్ల దాకా చేరడానికి ఏళ్లు పట్టేది. ఆ మధ్య కాలంలో ఆపరేషన్ జరిగినవాళ్లలో మా చెల్లెలు ఒకతె. ఆమెలాంటి వాళ్లు ఇప్పుడు యాభై, అరవై దాటి మన మధ్యే ఉండవచ్చు.

నేను చెప్పిన అబద్ధం

చెల్లెలికి 1986లో గుంతకల్లు సంబంధం వచ్చింది. అప్పటికే నేను ఉద్యోగంలో చేరి ఇటువైపు వచ్చాను. నాయన లేడు. మాట్లాడేది నేనే. పెళ్లికొడుకు మేనత్త కడుపు మీది మచ్చ సంగతి ఎలాగో విని అడిగింది. నేను తడుముకోకుండా అపెండిక్స్ అని చెప్పాను. కాలేయం ఆపరేషన్ అంటే సంబంధం తప్పిపోతుందని భయం. అపెండిక్స్ మచ్చ కుడి పక్క కింద చిన్నగా ఉంటుంది. చెల్లెలిది పైన, పక్కటెముకల కింద, జానెడు. ఎవరూ తేడా అడగలేదు. పెళ్లయింది. చెల్లెలికి కూడా అదే చెప్పమని చెప్పాను. ఆరేళ్లప్పుడు జరిగింది తనకు మాత్రం ఏం గుర్తు? చెప్పగా చెప్పగా తను కూడా అపెండిక్స్ అనే నమ్మింది.

1994 నుంచి జ్వరాలు మొదలయ్యాయి. నాలుగైదు నెలలకోసారి వణుకుతో జ్వరం, రెండు రోజులు. ఒకసారి మలేరియా అన్నారు, ఒకసారి టైఫాయిడ్ అన్నారు. ప్రతి డాక్టరూ ముందు ఏదైనా ఆపరేషన్ జరిగిందా అని అడిగాడు. ప్రతిసారీ తను అపెండిక్స్ అనే చెప్పింది. డాక్టర్లను అనడానికేముంది? మనం ఇచ్చిన తప్పు రికార్డు మీద వాళ్లు లెక్క వేశారు. క్లర్కుగా నాకు అది అందరికన్నా బాగా తెలియాలి. ఎంట్రీ తప్పయితే టోటల్ ఎన్నిసార్లు కూడినా తప్పే.

1998లో జ్వరంతోపాటు కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు స్కానింగ్ తీసిన డాక్టరు మచ్చ చూసి, "ఇది అపెండిక్స్ కాదమ్మా. చిన్నప్పుడు ఏం చేశారు?" అని అడిగాడు. బావ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆ రాత్రే అమ్మకు కబురు పంపాను. అమ్మ దగ్గర ట్రంకు పెట్టెలో, నాయన సర్వీసు కాగితాల మధ్య, 1971 నాటి డిశ్చార్జి కాగితం ఉంది. చివర్లో సర్జన్ చేత్తో గీసిన చిన్న బొమ్మ. తిత్తి, పేగు, మధ్యలో కుట్టిన దారి. ఆ బొమ్మ చూసి పెద్దాసుపత్రి సర్జన్ అన్నారు: "ఇది లేకపోతే లోపల ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికే మాకు చాలా సేపు పట్టేది."

ఏడు గంటలు ఆపరేషన్. పెద్దవాళ్లలో ఇది పిల్లల్లో కన్నా కష్టం. ఏళ్ల తరబడి వాచి ఉన్న తిత్తి వెనక సిరకు అతుక్కుపోతుంది. బలవంతంగా ఊడదీస్తే రక్తం ఆగదు. అలాంటప్పుడు 1970ల చివర్లో లిల్లీ అనే అమెరికన్ సర్జన్ చూపిన పద్ధతి ఒకటుంది. సిరకు అంటిన వెనక గోడ బయటి పొరను అలాగే వదిలేసి, జబ్బున్న లోపలి పొరను మాత్రం ఒలిచేస్తారు. చెల్లెలికి అలాగే చేశారు. తిత్తిలో మట్టి రంగు మెత్తటి రాళ్లు దొరికాయి. పరీక్షకు పంపిన ముక్కలో కణాలు మారడం మొదలైందని, ఇంకా కేన్సర్ కాలేదని రిపోర్టు వచ్చింది. ఇంకో రెండు మూడేళ్లు మలేరియా మాత్రలు మింగుతూ ఉంటే ఏమయ్యేదో సర్జన్ చెప్పలేదు. నేను అడగలేదు.

బావ మాత్రం ఆసుపత్రి వరండాలో ఒక మాట అన్నాడు: "బావా, నిజం చెప్పినా నేను చేసుకునేవాణ్ణే. నాలుగేళ్లు దీన్ని ఊరికే బాధపెట్టాం." ఆ మాట ఇప్పటికీ నాకు తగ్గలేదు.

ఇప్పుడు చేసేది

మన సభ్యుడి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. ఆ చిన్నపిల్లకు చేయబోయేది పెద్ద ఆపరేషనే. కాని ఒక్కసారి చేసే ఆపరేషన్. తిత్తిని, పిత్తాశయాన్ని తీసేస్తారు. దాంతో క్లోమ రసం వచ్చే దారి, పిత్తం వచ్చే దారి విడిపోతాయి. ఇక ఒకటి ఇంకోదానిలోకి ఎక్కదు. చిన్నపేగును ఒకచోట కోసి, ఒక కొసను కాలేయం దాకా తీసుకెళ్లి నాళానికి కుడతారు. ఇంకో కొసను ఆ పేగుకే కింద కలుపుతారు. చూడటానికి ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. స్విట్జర్లాండ్ సర్జన్ సెజార్ రూ 1890లలో వేరే అవసరానికి వాడిన పద్ధతి ఇది, అందుకే రూ ఎన్ వై అంటారు. పైకెళ్లే పేగు కొంత పొడుగు ఉంచుతారు కాబట్టి తిన్నది వెనక్కి కాలేయం దాకా ఎక్కడం తగ్గుతుంది. కొన్నిచోట్ల నేరుగా చిన్నపేగు మొదటి భాగానికే కలుపుతారు. ఏది అన్నది సర్జన్ నిర్ణయం.

మన వైపు కూడా ఈ విద్య ఎదిగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ ఎన్. రంగభాష్యం జీర్ణకోశ శస్త్రచికిత్సను ప్రత్యేక శాఖగా నిలబెట్టారు. 1995లో ఇటలీలో ఫారెల్లో బృందం ఆరేళ్ల పాపకు లాప్రోస్కోపీ ద్వారా, అంటే చిన్న రంధ్రాల గుండా, ఈ ఆపరేషన్ చేసింది. 2008కల్లా కోయంబత్తూరు డాక్టర్ సి. పళనివేలు బృందం అదే పద్ధతిలో 35 మందికి చేసిన అనుభవాన్ని ప్రచురించింది. మన కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పెట్టి, నాళాల్లోకి గొట్టం పంపి చూసే ఎండోస్కోపీకి దేశంలోనే పేరు తెచ్చారు. 2025లో పద్మ విభూషణ్ వచ్చింది. ఎండోస్కోపీతో రాళ్లు తీయవచ్చు, అడ్డం తొలగించవచ్చు. మామూలు టైప్ 1 తిత్తిని మాత్రం దానితో నయం చేయలేరు, ఆపరేషనే కావాలి. ఇప్పుడు నాళాల బొమ్మను లోపలికి ఏమీ పంపకుండా ఎంఆర్‌ఐ మెషీన్‌లోనే తీస్తున్నారు. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడే స్కానింగ్‌లో కొందరికి కనబడుతోంది.

డబ్బు మాట. సరిహద్దు వాళ్లం కాబట్టి రెండు వైపులా చుట్టాలున్నారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో గుల్బర్గా డివిజన్‌లో మొదలైంది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, దాని పట్టికలో ఈ తిత్తి ఆపరేషన్ ఉంది. కార్డు ఏ రాష్ట్రానిదో, ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో పాపను చేర్చకముందే ఆసుపత్రి సహాయ కేంద్రంలో కనుక్కోండి. చేరాక వెతికితే తిరగడమే సరిపోతుంది.

సభ్యులకు నా మనవి నాలుగు మాటలు. నేను చెప్పేది వైద్యం కాదు, అనుభవం.

ఒకటి, పిల్లలకు కామెర్లు వచ్చి, తగ్గి, మళ్లీ వస్తే పసరు దగ్గర ఆగకండి. ఒక్క స్కానింగ్ తీయించండి.

రెండు, మీ ఇంట్లో ఎవరికైనా పాత రోజుల్లో, ముఖ్యంగా 1970లలో, 80లలో, చిన్నతనంలో ఈ ఆపరేషన్ జరిగి ఉంటే, తిత్తి తీశారా, దారి మాత్రం పెట్టారా అని కనుక్కోండి. బాగానే ఉన్నా ఒకసారి జీర్ణకోశ సర్జన్‌కు చూపించండి. పూర్తిగా తీసేసినవాళ్లకు కూడా కలిపినచోట ఇరుకు, రాళ్లు రావచ్చు, కేన్సర్ ముప్పు సున్నా కాదు. ఏటా చూపించుకోవాలి. వణుకు జ్వరం, కామెర్లు కలిసి వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మూడు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఇంకొకరికి పంపి ఉంచండి.

నాలుగు, ఆడపిల్ల ఒంటి మీది మచ్చను దాచకండి. సంబంధాలు చూసే పెద్దలకు నేనే చెబుతున్నాను, మచ్చ అడిగి సంబంధం వదిలేయకండి. ఈ ఆపరేషన్ సరిగా జరిగిన ఆడపిల్లలు చదువుకుంటారు, పనిచేస్తారు, పిల్లల్ని కంటారు. చెల్లెలి ఇద్దరు కొడుకులూ మొదటి ఆపరేషన్ తర్వాత పుట్టినవాళ్లే.

పోయిన ఆదివారం చెల్లెలు గుంతకల్లు నుంచి ప్యాసింజర్ ఎక్కి వచ్చింది. ఇప్పుడు తనకు అరవై. ఇద్దరం మన సభ్యుడి ఇంటికి వెళ్లాం. పాప నానమ్మ, అమ్మ ఇద్దరూ ఏడుస్తూ కూర్చున్నారు. చెల్లెలు వాళ్లను లోపలికి తీసుకెళ్లి తన రెండు మచ్చలూ చూపించింది. ఇది ఆరేళ్లప్పటిది, ఇది ముప్పై మూడేళ్లప్పటిది, మీ పాపకు ఒక్కటే చాలు అని చెప్పిందట. బయటికి వచ్చాక నానమ్మ కళ్లు తుడుచుకుని అందరికీ ఉగ్గాని పెట్టింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. తేదీ ఇంకా ఇవ్వలేదు. రక్తం ఇవ్వగల సభ్యులు దయచేసి నాకు ఫోన్ చేయండి, తేదీ తెలియగానే చెబుతాను.

మీ ఇళ్లలో ఇలాంటి అనుభవం ఉంటే కింద రాయండి. పేరు రాయనక్కర్లేదు.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, రిటైర్డ్ రైల్వే క్లర్క్, బళ్లారి